పెట్టెతో చుట్టరికం

నపాచీకి ఇంకా ముప్పై నిండలేదు, ఉయారక్‌కి డెబ్బై దాటాయి. అయినా ఆయన ఆమెను అమ్మా అంటాడు, ఆమె ఆయన్ని నాయనా అంటుంది. ఆయన తల్లి చనిపోయిన ఏడాదే నపాచీ పుట్టింది, ఆవిడ పేరే పెట్టారు మరి. వాళ్ళ మంచుసీమలో పేరుతోపాటు చుట్టరికమూ వచ్చేస్తుంది. కొడుకు వేటాడిన సీలులో మొదటి ముక్క తల్లికి. పళ్ళు తోముకున్నావా అని తల్లి అడుగుతుంది, ఆయనకు మిగిలిన మూడింటి గురించి.

ఆ వసంతంలో ఇద్దరూ గడ్డకట్టిన జలసంధి మీదుగా ఆవలి ఒడ్డుకు బయల్దేరారు. అక్కడి చేపలు పట్టే మకాంలో ఆయన కూతురుంది. పిండి, టీ అందించాలి. సరుకులతో ఆయన మోటారు మంచుబండి వెనక, నపాచీ స్నోమొబైల్ ముందు సాగాయి. నపాచీ బండి వెనక లాగుడుబండిలో నారింజరంగు పెట్టె. ఐసుని తాకకుండా, చిల్లి పొడవకుండా, కింద ఉప్పునీరు ఎంత లోతున మొదలవుతోందో పసిగట్టి, ఐసు ఎంత మందముందో ఆమె ముందున్న తెర మీద చూపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నపాచీకి అది వింతే.

నడిమధ్యన అంకె దిగడం మొదలెట్టింది. ఆమె చెయ్యెత్తి ఆపింది.

“జానెడే ఉంది నాయనా. ముందుకెళితే ఇంకా తక్కువ. ఒడ్డువెంట చుట్టి పోదాం.”

“ఎవరన్నారు?”

“పెట్టె.”

“అది ఎప్పుడన్నా నీళ్ళలో పడిందా? నేను రెండుసార్లు పడ్డాను. అనుభవం ఎవరిదంటావ్?” అంటూ ఆయన బరువైన బండితో ఆమెను దాటబోయాడు.

పడితే ఈసారి పైకి రాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వాడని మాట వాడింది నపాచీ.

“ఒరేయ్. అమ్మని చెబుతున్నాను. ఆపు.”

ఇంజను ఆగింది. ముసలాయన మూతి ముడుచుకుని దిగాడు. ఈటె పట్టుకుని నాలుగడుగులు నడిచి, మోకాలి లోతు మంచు పక్కకు తోసి, ఒక్క పోటు పొడిచాడు. ఈటె దిగిపోయింది. నల్లటి నీళ్ళు బుడబుడా పైకొచ్చాయి.

ఆయన మెల్లగా వెనక్కొచ్చి పెట్టె ముందు గొంతుక్కూర్చుని, దానిమీది మంచు చేతితొడుగుతో తుడిచాడు.

“కింద ప్రవాహం కొరికేస్తోంది, పైన మంచు దుప్పటి కప్పేసింది. పొడిస్తేగాని నా ఈటెకి తెలీలేదు. దీనికి పైనుంచే తెలిసిందే! పేరేంటి?”

“నంబరుంది.”

“నంబరు మాట వినడం నావల్ల కాదు. తులుగాక్ అందాం, మా బావ పేరు. ఐసు మీద కాలుపెట్టేముందు జంకి మూడుసార్లు ఇంట్లోకెళ్ళొచ్చేవాడు. హాయిగా మంచం మీద పోయాడు.”

“పెట్టెకి మనిషి పేరా?”

“వెనకటి రోజుల్లో బండి లాగే కుక్కలకి పెట్టలేదూ?”

ఒడ్డువెంట చుట్టి బయల్దేరారు. మలుపు మలుపుకీ ఆయన వెనకనుంచి కేకేశాడు. “బావేమంటున్నాడే అమ్మా?”

“నాలుగడుగుల మందం అంటున్నాడు.”

“వాడలాగే అంటాడు. ఆరుంటుంది” అని వేగం పెంచాడు. ఆమె బండిని దాటి మాత్రం పోలేదు.