నుదుటి మీద నూట ఇరవై ఎనిమిది

నేను ఒక మెమరీ కార్డుని. మనుషులు మరిచిపోతామేమోనని భయపడేవన్నీ కెమెరా కడుపులో కూర్చుని దాచిపెట్టడం నా పని. నా నుదుటి మీద బంగారు రంగులో నూట ఇరవై ఎనిమిది జీబీ అని రాసి ఉంది. లోపల ఉన్నది ఎనిమిది. ఆ అబద్ధం నేను ఆడింది కాదు. ఎక్కడో ఒక ఇరుకు గదిలో, రేకు బల్ల మీద పడుకోబెట్టి ఎవరో అచ్చు గుద్దారు. మనుషులకి బిరుదులు కూడా ఇలాగే అంటిస్తారని తరవాత తెలిసింది. అప్పటినుంచి సిగ్గుపడడం మానేశాను.

నన్ను కొన్నది పాలకొల్లు ఫొటోగ్రాఫర్ గవర్రాజు. ముప్ఫై ఏళ్లుగా ఊరందరి పెళ్లిళ్లూ తీసినవాడు. ఒక్కగానొక్క కూతురు ప్రత్యూష పెళ్లి ఫొటోలు ఇంకొకడి చేతికి ఇచ్చేది లేదని, కొత్త కార్డు కోసం బస్సెక్కి విజయవాడ వెళ్లాడు. కొట్టులో నా పక్కనే ఒక ముప్ఫై రెండు జీబీ కార్డు ఉంది. నల్లగా, సాదాగా, ఎంత ఉందో అంతే చెప్పుకునే రకం. గవర్రాజు దాన్ని పెళ్లిచూపుల్లో నచ్చని పిల్లను చూసినట్టు చూసి పక్కన పెట్టాడు. నన్ను వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, సంతలో వంకాయ నొక్కినట్టు నొక్కాడు. పెద్ద అంకెల్లో ఉన్న వేగం చదివి మురిసిపోయాడు.

ఆ పెద్ద అంకె బొమ్మల్ని బయటికి తీసే వేగం. లోపలికి రాసుకునే వేగం మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. కెమెరా పట్టుకున్నవాడికి కావలసింది అదే. కానీ చిన్న అక్షరాలు చదివే ఓపిక మనుషులకి పెళ్లి సంబంధాల్లోనే లేదు, కార్డుల దగ్గర ఎక్కడినుంచి వస్తుంది?

ఇంటికి రాగానే ఆయన భార్య నాగరత్నం నన్ను అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆవిడ బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. స్టూడియోలో కంప్యూటరు పని మాత్రం చూసి చూసి తనంతట తానే నేర్చుకుంది.

"కొత్త బిందె కొంటే నీళ్లు పోసి కారుతుందో లేదో చూస్తాం కదండీ. దీన్నీ ఓసారి నిండా నింపి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి," అంది.

"రాహుకాలం తప్పించి మరీ కొన్నానే. దీనికేం కాదు," అన్నాడాయన.

పరీక్ష మానేసి పూజ చేశాడు. కెమెరాకి బొట్టు పెట్టి, నన్ను దాని ముందు ఆకు మీద ఉంచి, కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరినీళ్లు తీయగా ఉన్నాయని ఇంటిల్లిపాదీ సంతోషించారు. నాలో చోటెంతుందో ఎవరూ అడగలేదు.

గవర్రాజుకి ఒక గొప్ప ఉండేది. నాలుగు వందల అప్పగింతలు తీశానని, ఒక్కదాంట్లోనూ కన్ను తడవలేదని చెప్పుకునేవాడు. ఒక కన్ను మూసుకుని, రెండోది అద్దం వెనక దాచుకున్నవాడికి తడవదు మరి. కూతురి అప్పగింతలు కూడా ఆ అద్దం చాటునే గడిపేద్దామని ఆయన ఎత్తు. ప్రత్యూష పెళ్లికి ముందు ఒక్కటే అడిగింది, తన చేతులు పట్టుకుని నాన్నే అప్పగించాలని. చూద్దాంలే అన్నాడు. అని, తన బదులు కూర్చోమని అన్నగారు సూరన్నకి రహస్యంగా చెప్పుకున్నాడు. నాగరత్నం నిలదీస్తే, మరి ఫొటోలెవరు తీస్తారని ఎదురడిగాడు.

పెళ్లి పొద్దున్నే జరిగింది. అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు కూడా కెమెరా ఆయన మెడలోనే ఉంది. వంగినప్పుడల్లా అది ఊగి పెళ్లికొడుకు మోకాలికి తగిలేది. ఆ అబ్బాయి మర్యాదస్తుడు, ఆశీర్వాదం అనుకుని ఊరుకున్నాడు. మొదటి పంక్తిలో ఉప్మా, వియ్యాలవారు కారు దిగడం, దిగినవారు జుట్టు సర్దుకోవడం, వీటితోనే నా ఎనిమిదీ నిండిపోయాయి. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి నేను చేసినదల్లా వచ్చిన ప్రతి బొమ్మకీ పేరు రాసుకుని, బొమ్మను వదిలేయడం. హాజరు పట్టీలో పేరుంటే మనిషి వచ్చినట్టే అని ఎన్ని ఆఫీసులు నడవడం లేదు?

మధ్యాహ్నం భోజనాలయ్యాక అప్పగింతలు మొదలుపెట్టారు. పళ్లెంలో పాలు పోశారు. పెళ్లికూతురి చేతులు ఆ పాలలో ముంచి, అత్తమామల చేతుల్లో పెట్టి అప్పగించాలి. తండ్రి పీట మీద సూరన్న కూర్చున్నాడు. ప్రత్యూష ఆయన్ని చూసింది, కెమెరాని చూసింది. కళ్లు నిండాయి. గవర్రాజు టకటకా నొక్కాడు. నేను ఎక్కడికక్కడ బిగుసుకుపోయాను. బొమ్మ నాలోకి ఎక్కేదాకా కెమెరా మీద వెలిగే ఎర్ర లైటు వెలిగి, ఆరలేదు.

"అన్నయ్యా, చెయ్యి అలాగే ఉంచు, లైటు ఆరలేదు," అన్నాడు గవర్రాజు. పాలు మోచేతుల దాకా కారుతున్నాయి. పురోహితుడు గడియారం చూసుకున్నాడు. గవర్రాజు మళ్లీ నొక్కాడు, మళ్లీ ఎర్ర లైటు. మూడోసారి, ముప్ఫై ఏళ్లుగా పరాయి పిల్లలతో అన్న మాట అలవాటుగా నోట్లోంచి జారిపోయింది.

"తల కాస్త ఇటు తిప్పి, ఇందాకట్లాగే ఇంకోసారి ఏడవమ్మా."



"నాన్నా, నువ్వు ఎవరి పెళ్లికొచ్చావు?" అంది ప్రత్యూష.

నాగరత్నం వచ్చి ఆయన మెడలోంచి కెమెరా తీసుకుంది. సూరన్న చెప్పకుండానే లేచాడు. గవర్రాజు పీట మీద కూర్చుని కూతురి చేతులు పాలలో ముంచాడు. రెండు కళ్లతో చూడడం ఆయనకి కొత్త. చేతులు పట్టుకున్నాడు కానీ, వదలడం తెలియలేదు. మంత్రం అయిపోయింది, వియ్యపురాలు చేతులు చాచింది, ఆయన వదలలేదు.

"అన్నయ్యగారూ, మీరు వదిల్తేనే కదండీ మేం పట్టుకునేది," అందావిడ. అంటూనే ఆవిడ కూడా కళ్లొత్తుకుంది.

కారు వెళ్లిపోయాక ఆయనకి ఏం చేయాలో తోచలేదు. పాలు ఆరని వేళ్లతోనే నన్ను బయటికి లాగాడు. అసలైన కార్డు మీద అచ్చు అంత తేలిగ్గా చెరగదు. ఆయన బొటనవేలి కింద నా బంగారు అంకెలు కాటుకలా పాకిపోయాయి.

మర్నాడు నాగరత్నం కంప్యూటర్లో తెరిస్తే ఉప్మా దాకా దివ్యంగా ఉంది. తరవాత అన్నీ బూడిదరంగు గళ్లే. బంధువులు నానా మాటలూ అన్నారు. ఫొటో లేకపోతే ఆ చీర కట్టినట్టు రుజువేమిటని ఒక పిన్ని వారం మాట్లాడలేదు.

గవర్రాజు కూతురికి ఫోన్ చేశాడు. అప్పగింతల ఫొటో ఒక్కటీ లేదమ్మా అని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"పోనీలే నాన్నా. నీ కార్డు మంచిదైతే అన్నీ ఉండేవి. నువ్వొక్కడివే ఉండేవాడివి కాదు," అంది.

ఇప్పుడు నేను స్టూడియో గోడకి, గుండుసూది మీద ఉన్నాను. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు వస్తే గవర్రాజు నన్ను చూపించి పాఠం చెబుతాడు: చిన్న అంకె చదవండి, ఒక కార్డునే నమ్మి పెళ్లికి వెళ్లకండి, నింపి చూడందే పనికి తీసుకెళ్లకండి. చెప్పి, తన కొత్త కార్డుకి మాత్రం ముందు బొట్టే పెడతాడు. నింపి చూసే పని నాగరత్నానిది.

అంకెలుండే చోట నాకిప్పుడు ఒక తెల్లటి మరక ఉంది. ఆ పెళ్లిలో అసలైన ఘట్టాలేవీ నాలో లేవు, అప్పగింతల నాటి ఆ పాల మరక తప్ప. దుమ్ము దులిపేటప్పుడు గవర్రాజు గోడంతా తుడుస్తాడు, నన్ను మాత్రం తుడవడు.