కొత్త పట్టీల డబ్బా

మా ల్యాబులో మూత్రపరీక్ష పట్టీల కొత్త డబ్బా విప్పితే మొదటి పరీక్ష నా మూత్రంతోనే. ఎవరో పెట్టిన రూలు కాదు, మేం అలవాటు చేసుకున్నదే. ఏ రోగమూ లేని మనిషినని నా మీద అందరికీ గురి. ప్రోటీన్ గడి పసుపుగా ఉంటే పట్టీలు మంచివన్నట్టు.

ఆరోజు గడి ఆకుపచ్చకు తిరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. పట్టీలు పంపినవాడికి ఫోన్ చేసి ఉతికి ఆరేశాను. వాడు ఇంకో డబ్బా పంపాడు. అదీ ఆకుపచ్చే. అన్నీ ఒకే తాను ముక్కలని దాన్నీ పక్కకు తోశాను.

పక్క టేబుల్ దగ్గర పనిచేసే అక్క నెమ్మదస్తురాలు. తన మూత్రం తెచ్చి, అదే డబ్బాలోంచి పట్టీ తీసి ముంచింది. గడి పసుపుగానే ఉంది.

"పట్టీలు బాగానే ఉన్నాయే," అంది, నా మొహం చూడకుండా.

"నిన్నంతా ఎండలో తిరిగాను. నీళ్ళు సరిగ్గా తాగలేదు."

"సరే, రక్తం కూడా ఇవ్వు మరి."

"నాకేం రోగం అక్కా? గుండ్రాయిలా ఉంటే."

"వచ్చేవాళ్ళకి రోజూ నువ్వు చెప్పేదేంటి?"

అది నాకు నోటికొచ్చు. కిడ్నీలు చాలావరకు చెడేదాకా ఒళ్ళు చెప్పదు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ఏటా చూపించుకోవాలి. ఒక్కసారి తేడా వస్తే భయపడకండి, మూడు నెలలు నిలిస్తేనే దీర్ఘకాలపు జబ్బు. నా బీపీ ఎంతో మాత్రం నాకు తెలియదు.

రక్తం అక్కే తీసింది. మిషన్ పనిచేస్తున్నంతసేపూ కాలుకాలిన పిల్లిలా గదంతా తిరిగాను. కిడ్నీలు వడపోయాల్సిన క్రియాటినిన్ రక్తంలో ఎక్కువగా ఉంది. కిడ్నీల పనితనం సగానికి దిగువ. డాక్టరు బీపీ చూసి, ఎక్కువుందని మందు రాసి, ఉప్పు తగ్గించమన్నారు.

"మూడు నెలలాగి మళ్ళీ చేద్దాం. జబ్బే అయినా ఇప్పుడే దొరికింది, కిడ్నీలను చాలా ఏళ్ళు నిలబెట్టుకోవచ్చు," అన్నారు.

మూడు నెలల మాట నేనెంత తేలిగ్గా చెప్పేదాన్నో. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్ళాలో తోచేది కాదు. భయమేసేది. కోపమూ వచ్చేది, ఎవరి మీదో తెలియకుండా.

గడువు తీరాక అంకె దాదాపు అదే వచ్చింది. జబ్బే.

కాగితం ఇంకా చేతిలో ఉండగానే ఒక తాపీమేస్త్రి వచ్చాడు. బీపీ ఉందని డాక్టరు పంపారు.

"ఒంట్లో ఏ బాధా లేదమ్మా. నాకెందుకీ పరీక్షలు?"

నోటికొచ్చిన పాఠం ఒక్క ముక్కా రాలేదు.

"నాకూ ఏ బాధా లేదు బాబాయ్," అన్నాను.

ఆయన నా మొహంకేసి, చేతిలోని కాగితంకేసి చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.