సాదియాకు ఒక జత

సాయంత్రం అసర్ నమాజు చదివి, నా తమ్ముడి కూతురు సాదియాను వెంటబెట్టుకొని మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర బట్టల దుకాణానికి వెళ్లాను. రంజాన్ పండుగకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. తమ్ముడు లతీఫ్ పోయి రెండు నెలలు. అతని భార్య పర్వీన్ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటదు, కొత్తబట్ట కట్టదు. అందుకే పిల్లను నేను తీసుకొచ్చాను.

మా వాళ్లలో ఇంకో ఆనవాయితీ ఉంది. చావు జరిగిన ఇంట్లో మొదటి పండుగకు పిల్లలు కూడా కొత్తబట్టలు వేసుకోరాదు. మసీదులో మౌల్సాబ్‌ను అడిగితే, భార్యకు తప్ప మిగతావాళ్లకు మూడు రోజులకు మించి సంతాపం లేదన్నారు. మరి ఈ ఆనవాయితీ ఎక్కడిది? ఆ మాట అడిగినందుకు మా అక్క ఖాసింబీ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆమెకు జడిసి నా భార్య మా పిల్లలకు మాత్రం కొని, సాదియాను వదిలేసింది. మా పిల్లలు సంచులు విప్పుతుంటే ఎనిమిదేళ్ల సాదియా పక్కన కూర్చొని ఆ బట్టలు మడతపెట్టింది. ఆ రోజు ఇఫ్తార్‌లో ఉపవాసం విడుస్తూనే, పిల్లకు నేనే కొనాలని అనుకున్నాను.

దుకాణదారు దశరథం తళుకులు కుట్టిన చిలకపచ్చ గరారా జత తీసి పరిచాడు. సాదియా దాన్ని వేలి కొసతో తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పట్టుకో బిడ్డా, కరుస్తదా ఏంది?" అన్నాడు దశరథం.

అంతలో అక్క లోపలికి వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు.

"ఏంరా మదారూ, తమ్ముని గోరి మీద మట్టి ఇంక ఆరలే. అప్పుడే తళుకులు గావల్సొచ్చినయా?"

"పిల్లకు ఒక్క జత అక్కా. తప్పులేదని మౌల్సాబే అన్నడు."

"మౌల్సాబ్ పెంచిండా వాణ్ణి? సంకల ఏస్కొని నేను పెంచిన!"

"పెంచినవ్, కాదన్ననా? జర మెల్లగ మాట్లాడు. రోజాల ఉన్నం."

"నాకు రోజా నేర్పుతున్నవా? నీకు లాగు కట్టుకునుడు రానప్పటి సంది ఉంటున్న."

దశరథం కల్పించుకున్నాడు. "అమ్మా, గిరాకి టైము. కొట్లాట బయట పెట్టుకోండ్రి."

"నువ్వు నోరు ముయ్యి! చావింటికి తళుకులమ్ముతున్నవ్, సిగ్గులేదు."

"నాకేమెరుక తల్లీ, ఎవలింట్ల ఏమైందో? వచ్చినోళ్లను అడిగి రాస్కోవాల్నా?"

అక్క గరారాను లాగి బల్ల మీద విసిరేసింది. నాకు ఒళ్లు మండింది.

"నీ కొడుకులకు మొన్న జడ్చర్లల కుర్తాలు కుట్టిస్తివి గదా? వాళ్లకు మేనమామ గాడా లతీఫ్?"

"నా కొడుకులకు తండ్రి ఉన్నడు!"

ఆ మాటకు సాదియా తల వంచుకుంది. అక్క ముఖం ఒక్క క్షణం వాడింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"కట్టియ్యి దశరథం," అన్నాను.

"కట్టియ్యి, కట్టియ్యి! అది ఏస్కున్ననాడు నీ గడప తొక్క. మనోళ్లెవ్వలు నీ ఇంట్ల సేమ్యా ముట్టరు, చూస్తుండు."

"రాకు."

అక్కకు ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎదురు చెప్పినవాణ్ణి కాను. ఆమె కొంగు విదిలించి బయటికి నడిచింది.

మేము సంచి తీసుకొని బయటికి వచ్చేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ మొదలైంది. రోజా విడిచే వేళైందని అక్క దుకాణం మెట్ల మీదే ఒక చివర కూర్చుని ఉంది. నేను రెండో చివర కూర్చొని, జేబులోంచి ఖర్జూరం తీసి ఆమె వైపు చాచాను.

"నీ చేతిది నాకొద్దు."

దశరథం చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. ఆ నీళ్లతోనే ఆమె రోజా విడిచింది, నా వైపు వీపు పెట్టి.

"పెద్దబాపూ, వాపస్ ఇచ్చేద్దామా?" అని అడిగింది సాదియా.

"వద్దు బిడ్డా. పండుగనాడు ఏస్కో," అన్నాను, అక్కకు వినబడేటట్టే.

ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. రోజాలో ఉండి తోడబుట్టినదాన్ని ఇంటికి రావద్దన్నాక, నా రోజా నిలిచినట్టేనా? ఈసారి మౌల్సాబ్‌ను అడగడానికి నాకు ధైర్యం లేదు.