సమర్పణ: బి. దైవాధీనం

నేను ఒక సీలింగ్ ఫ్యానును. మీరు ఒకరినొకరు ముఖాలు చూసి గుర్తుపడతారు, నేను నడినెత్తులు చూసి గుర్తుపడతాను. ముఖానికి ఎవరైనా భక్తి పులుముకోవచ్చు. నడినెత్తికి ఆ సౌకర్యం లేదు. నూనె రాశారా, రంగు వేశారా, పక్క జుట్టును లాగి బట్టతల కప్పారా, అన్నీ పైనుంచి తెలిసిపోతాయి. అందుకని నేను చెప్పబోయే మనిషి విషయంలో నా మాట నమ్మవచ్చు.

ఏదో ఊళ్ళో ఫ్యాక్టరీలో నాకు తీగ చుట్టారు, రెక్కలు బిగించి తిప్పి చూశారు, మళ్ళీ ఊడదీసి అట్టపెట్టెలో పెట్టారు. ఆ చీకట్లోనే బాపట్ల బజారులోని ఒక షాపు దాకా ప్రయాణం చేశాను. పెట్టె విప్పించి నన్ను మొదట ఎంచుకున్నది దైవాధీనం మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక, అదిలించడానికి పిల్లలు లేని లోటును చర్చిలో పెద్దవాళ్ళ మీద తీర్చుకుంటున్న మనిషి. సంఘ పెద్ద కూడా. ఆయన ప్రార్థన చేస్తుంటే దేవుడికి హోమ్‌వర్కు ఇస్తున్నట్టుండేది.

"చర్చికిస్తున్నానయ్యా. రెక్కలు వెడల్పున్నది చూడు" అన్నారు షాపతనితో.

"వెడల్పుదేముందండీ, గాలంతా మోటారులో ఉంటది."

"గాలి సంగతి కాదు. అక్షరాలు పట్టాలి."

అలా నేను చర్చికన్నా ముందు బోర్డులు రాసే పెయింటరు దగ్గరికి వెళ్ళాను. అతను కుంచె ముంచి, "ఎవరి జ్ఞాపకార్థమండీ?" అని జాలిగా అడిగాడు. "ఎవరూ పోలేదయ్యా, నా పేరే రాయి" అన్నారు మాస్టారు. ఒక రెక్క మీద 'సమర్పణ', రెండో దాని మీద 'బి. దైవాధీనం', మూడో దాని మీద 'రిటైర్డ్ హెడ్మాస్టర్'. అన్నీ ఎర్రరంగులో, దూరానికి కూడా ఆనేటట్టు.

సమర్పణ గురించి మా చర్చి పాస్టరు జీవరత్నం అయ్యగారు ప్రసంగాల్లో తరచూ చెప్పేవారు. మనల్ని మనం పూర్తిగా దేవుడి చేతుల్లో పెట్టెయ్యడమట. నా రెక్క మీద మాత్రం ఆ మాటకు అర్థం, ఎవరు కొనిచ్చారో అందరికీ తెలియడం. మాస్టారిని తప్పుపట్టలేం. తల్లిదండ్రులు పేరులోనే దేవుడికి అధీనం చేసేశారు గనక, మళ్ళీ విడిగా అవ్వాల్సిన పని ఆయనకు కనపడలేదు.

చర్చిలో ముందు వరస మీద నన్ను బిగించి, ప్రార్థన చేసి, స్విచ్చి వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారి ముఖం ఒక్కటే వాడిపోయింది. నేను తిరగగానే ఆయన పేరు, ఉద్యోగం, సమర్పణ అన్నీ కలిసి ఒక ఎర్రటి సున్నా అయ్యాయి.

"కాస్త తగ్గించండి" అన్నారు. తగ్గించారు. సున్నా సున్నాగానే ఉంది. "ఇంకా." చివరికి ఆగిపోయాను. అప్పుడు తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత ఆయన కుర్చీ రెగ్యులేటరు పక్కకు చేరింది. "ఈ గాలికి నాకు మెడ పట్టేస్తంది" అనేవారు. ఫ్యాను ఇచ్చిన మనిషి మెడ పట్టేస్తుంటే కాదనేదెవరు? కింద చాపల మీద ఆడవాళ్ళు పైటకొంగులతో విసురుకుంటూ వాక్యం వినేవారు. తిరగకుండా ఉండటానికి కొన్న ఫ్యానును నేనొక్కదాన్నేనేమో!

ఒక మే నెల ఆదివారం పట్నం నుంచి పెద్దయ్యగారు ప్రసంగానికి వచ్చారు. మాస్టారు పొద్దున్నే వచ్చి నా రెక్కలు తుడిచి, పేరున్న రెక్కను వేదిక వైపుకు తిప్పి, స్విచ్చి ఆపి కూర్చున్నారు. ప్రసంగం తగ్గింపు గురించి, అంటే గర్వం లేకుండా ఉండటం గురించి. ఏం ప్రయోజనం, పెద్దయ్యగారు పైకి చూడరే! మాస్టారు దగ్గారు. గొంతు సవరించుకున్నారు. చివరికి తనే తలెత్తి నా వైపు చూస్తూ ఉండిపోయారు, తన చూపు వెంట పెద్దయ్యగారి చూపు వస్తుందని. పెద్దయ్యగారు అది పరలోకం వైపు చూపనుకున్నారు. "చూడండి ఈ సహోదరుణ్ణి! దృష్టంతా పైనే ఉంది. స్తోత్రం చెప్పండి" అన్నారు. సంఘమంతా స్తోత్రం చెప్పింది.

అప్పుడే చాపల మీదనుంచి కేక వినిపించింది. ఎస్తేరమ్మ పక్కకు ఒరిగిపోయింది. మిరపకోతలకు పోయి బతికే ముసలి మనిషి, ఉపవాసముండి వచ్చింది. చుట్టూ ఆడవాళ్ళు మూగారు, నీళ్ళు చల్లారు.

"మాస్టారూ, ఫ్యానెయ్యండి!" అని అరిచారు జీవరత్నం అయ్యగారు.

"ఒక్క నిమిషం అయ్యగారూ, పెద్దయ్యగారింకా పైకి చూడలా!"

నోరు జారింది. పక్కనే ఉన్న మైకు ఆ మాటను జాగ్రత్తగా అందుకుని, గోపురం మీది లౌడు స్పీకర్ల ద్వారా ఊరంతటికీ అందించింది. అప్పుడు పెద్దయ్యగారు పైకి చూశారు, చదివారు. ఎక్కడో వెనక కిసుక్కుమని మొదలైన నవ్వు ముందు వరస దాకా పాకింది. మాస్టారి భార్య సువార్తమ్మ లేచి, ఎవరి వైపూ చూడకుండా నడిచి వచ్చి, స్విచ్చి వేసి, రెగ్యులేటరును చివరిదాకా తిప్పింది. అంత జోరుగా నేనెప్పుడూ తిరగలేదు. గాలి తగిలి ఎస్తేరమ్మ కళ్ళు తెరిచింది.

మర్నాడే మాస్టారు నిచ్చెనతో వచ్చారు.

"దేవుడికిచ్చేశారు గదా మాస్టారూ" అన్నారు అయ్యగారు మెల్లిగా.

"దేవుడికే ఇచ్చాను. దేవుడేమీ నవ్వలేదు. నవ్వినోళ్ళకి నా గాలి లేదు!"

నన్ను తెచ్చి తన ఇంటి వరండాలో బిగించుకున్నారు. చర్చికి వెళ్ళడం మానేశారు. ఆదివారం వచ్చిందంటే వరండాలో ఒక్కరే పాట పాడి, ఒక్కరే ప్రసంగించి, ఒక్కరే ఆమెన్ అనుకునేవారు. ఆయన మాటకు ఎదురులేని సంఘం ఇన్నాళ్ళకు దొరికింది. అయినా చెవి గేటు మీదే ఉండేది. సువార్తమ్మ చర్చినుంచి రాగానే, పట్టనట్టు అడిగేవారు.

"నా గురించి ఎవరన్నా అడిగారా?"

"అడిగారు."

"ఏమని?"

"ఫ్యాను ఎప్పుడు తెస్తారని."

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఎస్తేరమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. మాస్టారు వాలుకుర్చీలోంచి లేవలేదు.

"మాస్టారా, నా మూలానే గదా మీకు నలుగురిలో తలవంపులయ్యింది. నేనట్టా పడిపోకుండా ఉండాల్సింది. మీరు గుడికి రావట్లేదంటే నాకు ముద్ద దిగట్లేదయ్యా. నన్ను క్షమించండి."

వెటకారమేమోనని మాస్టారు ఆమెను పరీక్షగా చూశారు. ఆమె చేతులు జోడించుకుని ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి. అలవాటు చొప్పున ఆయన కుడిచెయ్యి లేచింది, ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి బడిలోకి రానిచ్చేటట్టు. లేచిన చెయ్యి అక్కడే ఆగింది.

గుమ్మంలోంచి సువార్తమ్మ అంది: "క్షమించండి మరి. అడుగుతుంది గదా!"

చెయ్యి దిగిపోయింది. మాస్టారు కుర్చీలోంచి లేచి, వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. చాలాసేపు చెప్పుల వైపు చూశారు. "తప్పు నాది ఎస్తేరమ్మా" అన్నారు చివరికి. అంత చిన్న మాట చెప్పడానికి ఆయన అంత కష్టపడటం నేనెన్నడూ చూడలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆదివారం వత్తారుగా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆయన నన్ను దింపి, థిన్నరుతో అక్షరాలు తుడిచేసి, మళ్ళీ చర్చికి మోసుకెళ్ళారు. ఈసారి ముందు వరస మీద కాదు, వెనక ముసలివాళ్ళు కూర్చునే చాపల మీద బిగించారు.

ఇక్కడితో ఆపితే మీకూ బాగుండేది, నాకూ బాగుండేది. కానీ నేను చెబుతున్నది మనుషుల కథ. ఆ ఆదివారమే మాస్టారు సాక్ష్యానికి, అంటే దేవుడు తనను ఎలా మార్చాడో అందరిలో చెప్పుకోవడానికి, లేచారు. "నా పేరు నేనే చెరిపేశాను. ఎవరికీ తెలియకూడదని చెరిపేశాను" అని మైకులో చాలాసేపు చెప్పారు. పై ఆదివారం మళ్ళీ చెప్పారు, ఈసారి కన్నీళ్ళతో. పక్క ఊరి సంఘం వాళ్ళు పిలిస్తే అక్కడా చెప్పారు. పేరు ఉన్నప్పుడు తలెత్తి చూడనివాళ్ళు, పేరు లేని చోటు చూసి పోదామని ఆటోల్లో వచ్చారు. ఆయన నా కింద నిలబడి, ఏ రెక్క మీద ఏముండేదో వేలుతో చూపించేవారు.

"ఏమండీ, రంగు పోయింది గానీ పేరు పోలేదు" అంది సువార్తమ్మ ఒకరోజు, చర్చిలో అందరూ వెళ్ళిపోయాక.

ఆయనకు చాలా కోపం వచ్చింది. నా వైపు ఒకసారి చూసి, చాపలు చుట్టడం మొదలుపెట్టారు. తర్వాతి ఆదివారం మైకు దగ్గరికి వెళ్ళలేదు. వెనక నా కింద ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కూర్చోవడం ఆయనకు ఇష్టంగా ఉందని చెప్పలేను. అప్పుడప్పుడూ లేవబోయి సర్దుకునేవారు.

మరుసటి ఏడు మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే నాడు, ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం ఆరాధన సగంలో కరెంటు పోయింది. నేను నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగిపోయాను. జీవరత్నం అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నాకు మూసుకోవడానికి రెప్పలు లేవు గనక చూశాను.

ఎస్తేరమ్మ ఆ ఏడు బాగా చిక్కిపోయింది. గోడకు చేరబడి ఆయాసపడుతోంది. మాస్టారు ఒక కన్ను తెరిచారు. అటూ ఇటూ చూశారు. చప్పుడు కాకుండా కుర్చీ దిగి, ఆమెకు కొంచెం ఎడంగా చాప మీద కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి మడిచి విసరడం మొదలుపెట్టారు. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చుకున్నారు. ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

ఎస్తేరమ్మ కళ్ళు తెరవకుండానే, "స్తోత్రం ప్రభువా, కరెంటొచ్చింది" అని గొణుక్కుంది.

మాస్టారు పెదవులు కదిపారు. కానీ ఏమీ చెప్పలేదు. విసురుతూనే ఉన్నారు. అందరూ ఆమెన్ అనేసరికి కుర్చీలో ఉన్నారు.

రెండు రోజులకు పునరుత్థాన ఆదివారం, ఈస్టరు. చర్చి కిక్కిరిసింది. సాక్ష్యాల సమయం వచ్చింది. నేను ఎదురుచూస్తున్నాను. అయ్యగారు వెనక్కి చూసి, "మాస్టారూ, ఏమన్నా చెబుతారా?" అని అడిగారు.

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నారు.

"ఏమీ లేదయ్యగారూ" అన్నారు.