మట్టిరంగు రెక్క

అంట్లయ్యాక, అదే సబ్బుతో భాగ్యరేఖ యుద్ధవిమానం తోమడం మొదలుపెట్టింది.

విమానమంటే ఇంకా విమానం కాలేదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకునే ఉన్న రెక్కలు, తోక, చక్రాలు, గోరంత పైలటు. కొరియర్‌లో వచ్చిన మిగ్ బొమ్మ కిట్టు. ప్లాస్టిక్ మీద జిడ్డుంటే రంగు నిలవదు కాబట్టి సందుసందునా పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డ మీద ఆరబెట్టాలి. ఆ తర్వాత ముక్కలు కత్తిరించాలి, అతుకులు గరుకు కాగితంతో నున్నగా అరగదీయాలి, రంగు అంటకూడని చోట టేపు వెయ్యాలి, బ్రష్షులు కడగాలి. ఇవన్నీ భాగ్యరేఖ పనులు. జిగురు పెట్టడం, రంగు వెయ్యడం, కింద చెక్క మీద ‘లక్ష్మీప్రసాద్, సెక్టర్ 2, భిలాయి’ అని రాసుకోవడం ఆమె మొగుడి పని. హాల్లో అద్దాల బీరువాలో ఇప్పటికి పదకొండు విమానాలున్నాయి. చూసినవాళ్ళు “ఎంత ఓపికండీ మీకు!” అంటే అతను సిగ్గుపడుతూ తల వంచుకుంటాడు. అత్తగారు తులసమ్మ అందుకుంటుంది: “మావోడి సెయ్యి బంగారం. ఇది ఊరికే పక్కన కూకుంటాది.” ఊరికేనట! అరగదీసి అరగదీసి వేళ్ళు నున్నబడి, మొన్న సిమ్‌కార్డు కొనడానికి వెళితే ఆమె వేలిముద్ర మిషనుకు ఎక్కనే లేదు.

ఆ ఊరికే కూర్చోవడంలో ఇంకో పని కూడా ఉంది, అడిగిన రంగుసీసా అందించడం. థిన్నర్ తగిలి లేబుళ్ళన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి. ఆర్నెల్లుగా ఆమెకు తిట్లన్నీ ఆ సీసాల దగ్గరే. “పచ్చ ఇమ్మంటే మట్టిరంగు ఇస్తావేటే? కళ్ళున్నాయా, అటకెక్కించేసినావా?” పోనీ ఈమె రంగులు తెలియని మనిషా? పెళ్ళికి ముందు పవర్‌హౌస్ బజార్లో మ్యాచింగ్ సెంటర్‌లో ఆరేళ్ళు చేసింది. చీర కొంగు ఒకసారి చూసి జాకెట్టు గుడ్డ తాను లాగిందంటే సేఠ్ మళ్ళీ తలెత్తి చూసేవాడు కాదు. చిలకపచ్చ వేరు, నాచుపచ్చ వేరు, మామిడాకుపచ్చ వేరు. అలాంటిది, తిట్లు తినితిని తన కళ్ళనే అనుమానించుకోవడం మొదలుపెట్టింది. సీసా వరండాలోకి తీసుకెళ్ళి ఎండలో చూసి మరీ తెచ్చేది. పచ్చే అనిపించేది. అతను కాదన్నాక, కాదేమోలే అనుకునేది. మేకను కుక్క అనిపించడానికి కథలో నలుగురు దొంగలు కావలసొచ్చారు. ఇక్కడ ఒక్క మొగుడు సరిపోయాడు.

పది రోజుల తర్వాత, ఆదివారం పొద్దున్న ఆమె కూరలు కొనుక్కుని వచ్చేసరికి లక్ష్మీప్రసాద్ తనంతట తనే రెక్కలకు రంగు వేసేసి ఉన్నాడు. పెట్టె మీది బొమ్మలో రెక్కలకు మట్టిరంగు, దాని మీద పెద్దపెద్ద పచ్చ మచ్చలు.

“ఎలాగుంది?” అన్నాడు గర్వంగా.

భాగ్యరేఖ చూసింది. తడి మెరుపులో మచ్చల అంచులు చక్కగా తిరిగి కనబడ్డాయి. ఎక్కడా కారలేదు. కానీ రెక్క మొత్తం మట్టిరంగే. మట్టిరంగు మీద మట్టిరంగు మచ్చలు. పచ్చరంగు సీసా మూత కూడా తియ్యలేదు.

“ఇందులో పచ్చ ఏదండీ?”

“ఇదిగో, కళ్ళెదురుగా ఉంది కదే!” అని ఒక మచ్చను వేలితో చూపించాడు.

 తన కళ్ళు బాగానే ఉన్నాయన్న సంతోషం కూడా ఆమెకు కలగలేదు. ఈ మనిషి స్టీల్ ప్లాంట్‌లో లోకో ఇంజను నడుపుతాడు. వెనక కరిగిన ఇనుముతో నిండిన బానలను కొలిమి దగ్గర్నుంచి లాక్కుపోతాడు. ఎర్రదీపానికి ఆగాలి, పచ్చదీపానికి కదలాలి. ఆ పట్టాల పక్కనే క్యాంప్ 2 బస్తీ నుంచి వచ్చే కాంట్రాక్టు ఆడవాళ్ళు వంగి ఊడుస్తూ ఉంటారు.

పోయినేడు ఇతనికి టీబీ మందులు రాస్తూ డాక్టరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. “కొందరికి ఈ మందు కళ్ళ మీద పడుతుంది. రంగులు తేడాగా కనబడితే ఆ రోజే రండి.” దాని వెనకే గిరీష్ సంగతీ గుర్తొచ్చింది. గిరీష్ పట్టాల దగ్గర జెండా ఊపే కాంట్రాక్టు మనిషి. నెల కిందట లోకో ఆగాల్సిన చోట ఆగకుండా వెళ్ళి, నిలబడి ఉన్న వ్యాగన్‌ను గుద్దింది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. గిరీష్ పచ్చజెండా ఊపాడని లక్ష్మీప్రసాద్ రాసిచ్చాడు, గిరీష్ పని పోయింది. అతని భార్య రజనీకుమారి ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. “దీదీ, మా ఆయన ఎర్రజెండాయే ఊపాడంట. పిల్లల మీద ఒట్టేసి చెప్తన్నాడు. అన్నయ్యగారిని ఒక్కసారి అడుగు దీదీ.” భాగ్యరేఖ ఆమెకు టీ ఇచ్చింది, మొగుడి మాటే నమ్మింది, జాలిపడి పంపేసింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ముఖం మండిపోయింది.

“అది మట్టిరంగేనండీ, మొత్తం” అంది.

లక్ష్మీప్రసాద్ తిట్టలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. బ్రష్షు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోన్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తెర మీద గుండ్రటి బొమ్మ, దాని నిండా రంగురంగుల చుక్కలు.

“మంగళవారం మెడికల్ ఉంది. కళ్ళకి ఈ బొమ్మలే చూపిస్తారు, ఇదే వరసలో. చుక్కల్లో అంకెలుంటాయి. ఏ బొమ్మకి ఏ అంకో చెప్పు, బట్టీ కొట్టేస్తాను.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏటెన్నాళ్ళ నుంచి?”

“రంగులు తెలీకపోవడం.”

“ఏడు నెలలు అవుతాది. అయితే ఏటంటావు? లోకో దింపేసి స్టోర్‌లో కూకోబెడతారు. రిటైరయ్యేదాకా నట్లూ బోల్టులూ లెక్కపెట్టాలి.”

ఏడు నెలలు. అంటే ఆమె ఎండలోకి వెళ్ళి సీసా చూసి తెచ్చిన ప్రతిసారీ, ఆమె చెప్పిందే నిజమని ఇతనికి తెలుసు. తెలిసే తిట్టాడు. గిరీష్ ఊపింది ఏ జెండానో తనకు తెలియలేదనీ తెలుసు. తెలిసే రాసిచ్చాడు. భాగ్యరేఖకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో రానంత కోపం.

“మరి గిరీష్?”

“అరే ఛోడో! కాంట్రాక్టోడికి ఇంకో పని దొరుకుద్ది. నాకు దొరుకుద్దా?”

“డాక్టర్ దగ్గరికెళ్దాం రండి. ముదరకముందే చూపిస్తే—”

“ఎల్తే కాగితం మీద పడిపోద్ది. దిమాగ్ ఖరాబ్ చెయ్యకుండా అంకెలు చెప్పు.”

వంటింట్లోంచి తులసమ్మ కేక వేసింది. “మొగుడు నోరిడిసి అడిగితే ఆ మాత్రం సెయ్యలేవేటే? అంకెలు సదివితే నీదేటి అరిగిపోతాది?”

భాగ్యరేఖ చేతిసంచి కింద పెట్టింది. లోకో దింపేస్తే జీతం తగ్గొచ్చు. కూతురు సుచిత్ర రాయ్‌పూర్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది, దానికి ఇబ్బంది కావొచ్చు. ఇంట్లో తిట్లయితే పెరుగుతాయి, అందులో అనుమానమే లేదు. అటు చూస్తే మంగళవారం తర్వాత బుధవారం ఉంది, బుధవారం ఇతనికి పొద్దున షిఫ్టు ఉంది. పట్టాల పక్కన వంగి ఊడ్చేవాళ్ళకు ఆ లోకోలో ఎవరున్నారో తెలియదు. ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.

మొదటి బొమ్మలో పన్నెండు ఉంది. “పన్నెండు” అంది.

“అది నాకూ కనబడుతోంది” అన్నాడతను తృప్తిగా, ఈమె సరిగ్గానే చెబుతోందని రూఢి చేసుకున్నట్టు. వేలితో తెర జరిపాడు. “ఇది?”

ఆకుపచ్చ చుక్కల మధ్య ఎర్రచుక్కల ఎనిమిది నిక్షేపంలా కనబడుతోంది. 

“మూడు” అంది భాగ్యరేఖ.

“మూడే! నాకూ అలాగే అనిపించింది.” అతను కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. “తర్వాతది?”

ఆరు ఉన్నచోట అయిదు చెప్పింది. ఇరవై తొమ్మిది ఉన్నచోట డెబ్భై చెప్పింది. పెళ్ళయ్యాక మొదటిసారి అతను ఆమె కళ్ళను నమ్మాడు, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. పదిహేను బొమ్మలూ అయిపోయాక ఫోన్ బోర్లించి, “ఏదీ, ఇప్పుడు చూడకుండా చెప్పండి” అంది. రెండుచోట్ల తడబడ్డాడు. ఆమె ఓపిగ్గా దిద్దింది, ఒక్క తప్పూ లేకుండా వచ్చేదాకా మళ్ళీమళ్ళీ అప్పజెప్పించుకుంది.