అక్క ఉన్న గది

మా పంగాయ్ ఊళ్లో చదువుల కేంద్రంలో అడుగు పెట్టగానే ఎదుటి గోడ మీద ఒక పోస్టర్ కనపడుతుంది. ఎవరైనా, ఏ వయసులోనైనా, ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చని పెద్ద అక్షరాలు, కింద రెండు జెండాలు, కలిపిన రెండు చేతులు. ఆ పోస్టర్ వేయించిన ఆస్ట్రేలియా యూనివర్సిటీవాళ్లు మంచివాళ్లే. కాదని నేననను. మా టోంగాలో అక్కాతమ్ముళ్లు ఒకే గదిలో కూర్చుని ఒకే బొమ్మ చూడరన్న సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని మాకూ తట్టలేదు.

ఫూసి అక్కడ ఆరోగ్య సహాయకుల కోర్సులో చేరేనాటికి ఆమెకు ముప్పై దాటాయి. ఊళ్లో ఆసుపత్రిలో మంచాలు తుడుస్తూ, కట్లు కడుతూ ఏళ్లు గడిపేసింది. ఆ సర్టిఫికెట్ ఒక్కటి చేతికొస్తే రోగుల దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. చదువు ఎవరి వీలునుబట్టి వాళ్లు చదువుకోవచ్చు. బుధవారం సాయంత్రం పాఠానికి మాత్రం అందరూ కంప్యూటర్ ముందో ఫోన్ ముందో ముఖం చూపిస్తూ కూర్చోవాలి. సమోవా నుంచి ఒకరు, ఫిజీ నుంచి ఒకరు, ఆస్ట్రేలియా పళ్లతోటల్లో కూలికి పోయిన మా మగవాళ్లు కొందరు, అందరి ముఖాలూ చిన్నచిన్న గడుల్లో కనపడేవి. పాఠం చెప్పే రోవెనా అక్కడెక్కడో తన ఇంట్లోనే కూర్చుని, ఒళ్లో పిల్లిని పెట్టుకుని చెప్పేది.

ఆ బుధవారం కాన్పు పాఠం. రోవెనా తెర మీద ఒక బొమ్మ పెట్టింది. నిండు గర్భిణి బొమ్మ, ఏదీ దాచకుండా గీసింది. ఫూసి శ్రద్ధగా రాసుకుంటోంది. అంతలో చివరి గడిలో కొత్త ముఖం ఒకటి వెలిగింది. తల మీద టోపీ, వెనకాల పియర్ పళ్ల పెట్టెలు, బుగ్గన ఏదో నములుతూ నవ్వుతున్న ముఖం. ఆలస్యంగా కోర్సులో చేరిన విద్యార్థి.

అది ఆమె తమ్ముడు కెలెపి.

ఫూసి చెయ్యి ముందుకు పోయి కెమెరాను మూసేసింది. కుర్చీ వెనక్కి పడింది. అటువైపు కెలెపి ఆమెను చూసిన క్షణంలోనే తల దించుకున్నాడు, గడి ఆరిపోయింది. ఫూసి సంచీ కూడా తీసుకోకుండా బయటికి పరిగెత్తింది.

ఇంట్లో అమ్మ చేమ ఆకుల్లో కొబ్బరిపాలూ మాంసమూ పెట్టి పొట్లాలు కడుతోంది. విషయం విని ముందు కడుపుబ్బ నవ్వింది.

"పళ్లు కోసుకునేవాడికి కాన్పులెందుకే? వాడు పోస్తాడా పురుళ్లు?"

"అదొక్కటే కాదమ్మా, జ్వరాలు, గాయాలు, చక్కెర జబ్బు, అన్నీ ఉంటాయి. తిరిగొచ్చి ఇక్కడే ఉద్యోగం చూసుకుందామనుకున్నాడేమో."

అమ్మ నవ్వు ఆగింది. కెలెపి తిరిగి వస్తాడన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. అంటే చెడిపోతుందని భయం. తోటపనికి వెళ్లిన ప్రతిసారీ ఇదే ఆఖరు అని వెళతాడు, మళ్లీ వెళతాడు.

"అయితే వాడే లేస్తాడులే ఆ తరగతిలోంచి," అంది అమ్మ పొట్లం ముడి వేస్తూ. "అక్క కూర్చున్నచోట తమ్ముడు లేవడం మర్యాద. నువ్వు మాత్రం కదలకు."

అది నిజమే. మగపిల్లవాడికి పన్నెండేళ్లు రాగానే వాడి పక్క వేరే గుడిసెలోకి మారిపోతుంది. అక్క ముందు మోటు మాట రాకూడదు, ఒంటి సంగతి రాకూడదు, ఆమె గదిలోకి వస్తే తను లేచి బయటికి పోవాలి. ఇందులో భయం లేదు. మా దగ్గర ఆడబడుచుదే పెద్దపీట, అంతే. చిన్నప్పుడు కెలెపిని చంకనేసుకుని రేవంతా తిప్పింది ఫూసే. వాడు వేరే గుడిసెకు మారాక పట్టిన చేపల్లో మంచిదాన్ని ఏరి, ఆమె గుమ్మంలో ఆకు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఆమె ఆ చేప తీసుకునేది. వాళ్లిద్దరి మధ్య ప్రేమ అలాగే నడిచింది.

ఆ రాత్రే ఫోన్ వచ్చింది. ఎప్పటిలాగే ఫోన్ అమ్మ చేతిలో, ఫూసి వంటింటి తడికవతల.

"అక్కని బాగా చదువుకోమని చెప్పమ్మా. నేను ఇంకో బ్యాచ్ అడుగుతా."

"ఇంకో బ్యాచ్ అడుగుతాడట," అంది అమ్మ తడిక వైపు తిరిగి.

"ఉందో లేదో కనుక్కోమను. లేకపోతే నేనే మానేస్తా."

"మానేస్తుందట."

"మానేస్తే నేను ఈ జన్మలో ఇంటికి రానని చెప్పు," అన్నాడు కెలెపి. ముగ్గురూ నవ్వుకున్నారు. తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఫూసికి ఊపిరాడేది కాదు.

రెండు రోజుల తర్వాత రోవెనా ఆమెతో విడిగా మాట్లాడాలంది. తెర మీద ఆమె ముఖం జాలిగా ఉంది. పిల్లి లేదు.

"ఫూసీ, అతను కనపడగానే నువ్వు ఉలిక్కిపడి కెమెరా మూసేయడం చూశాను. కెలెపి నీకేమవుతాడు?"

ఫూసి ఇంగ్లిష్ ఆసుపత్రికి సరిపోయే ఇంగ్లిష్. మంచం, మందు, నొప్పి, కట్టు. ఇలాంటి మాటలకు అది చాలదు.

"తమ్ముడు. వాడున్న చోట నేను కూర్చోలేను. సిగ్గు."

"ఎప్పటినుంచి ఇలా?"

"వాడికి పన్నెండేళ్లప్పటినుంచి. అప్పటినుంచి వాడు వేరే ఇంట్లో పడుకుంటాడు."

రోవెనా ఏదో రాసుకుంది.

"ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసా?"

"తెలుసు. అమ్మే వేరు చేసింది. అందరిళ్లలోనూ ఇంతే."

"అతను నిన్ను ఏమైనా చేశాడా ఫూసీ? నాతో చెప్పొచ్చు. ఇది నీ తప్పు కాదు."

ఏం అడుగుతోందో ఫూసికి అప్పుడు అర్థమైంది. ఛీ, కాదు కాదు, వాడు బంగారం, అని చెబుదామనుకుంది. ఆ ప్రశ్న చెవిన పడినందుకే ముందు ఏడుపొచ్చింది. తమ్ముడి గురించి ఒకరలా అనుకోవడం ఆమె ఏనాడూ వినలేదు. కాదని తల ఊపుతూ ఏడ్చింది. రోవెనా కూడా కళ్లు తుడుచుకుని, "నేను చూసుకుంటాను, నువ్వు ధైర్యంగా ఉండు" అని కాల్ ముగించింది. నిజంగా చూసుకుంది. అదే కొంప ముంచింది.

యూనివర్సిటీవాళ్లు కెలెపిని ఫోన్‌లో విచారించారు. అతనితో ఒకే షెడ్డులో ఉండే సియోసి తర్వాత ఊరికొచ్చినప్పుడు రేవు దగ్గర ఫూసిని పక్కకు పిలిచి ఆ సంగతంతా చెప్పాడు.

"నేను పక్క మంచం మీదే ఉన్నానక్కా. మీ అక్క నిన్ను చూసి భయపడుతోంది, నిజమేనా అని అడిగారు. వీడు తలొంచుకుని, 'ఆమె ఉన్న చోట నేను ఉండకూడదు, నాదే తప్పు, చూసుకోకుండా వచ్చా' అన్నాడు. ఇంకేమైనా చెప్పుకుంటావా అన్నారు. లేదన్నాడు. ఒరేయ్, మన పద్ధతి చెప్పరా, వాళ్లు ఇంకేదో అనుకుంటున్నారు అని నేను కాలితో తన్నా. అక్క గురించి పరాయివాళ్ల ముందు నోరు విప్పమంటావా అని నా మీదే ఉరిమాడు."

"నువ్వు చెప్పొచ్చుగా సియోసీ!"

"చెప్పా. నువ్వెవరు అన్నారు. ఫోన్ పెట్టేశారు."

కోర్సులోంచి అతని పేరు తీసేశారు. ఆ కబురు తోట యజమానికి ఎలా చేరిందో ఎవరికీ తెలీదు. మళ్లీ పనికి పిలవబోమన్నారు. తోటలో మా మగవాళ్లు సాయంత్రాలు వేరు దంచి తీసిన కావా తాగుతూ గిన్నె చుట్టూ కూర్చున్నచోట కూడా మాట పాకింది. అక్కే ఫిర్యాదు చేసిందట, అన్నారు. అక్క చేత మాట పడ్డవాడికి మా దీవుల్లో తలెత్తుకునే చోటుండదు. ఒకరోజు కెలెపి కావా గిన్నె దగ్గరికి వస్తే కబుర్లు ఆగిపోయాయి. అతను తన గిన్నె తాగకుండానే లేచి పోయాడు. మర్నాడు మంచం ఖాళీగా ఉంది. ఆ తర్వాత అమ్మ ఫోన్ మోగలేదు.

ఫూసి ఊరుకోలేదు. ఆమె చెయ్యగలిగిందంతా చేసింది. రోవెనాకు కాల్ చేసి, కేంద్రంలో అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది. అమ్మ తెర మీదికి వంగి మా భాషలోనే దులిపేసింది.

"ఓ పిల్లల తల్లీ, నా కొడుకు అక్క నీడ తొక్కడే! తినే చేపలో మంచి ముక్క అక్కకి పెట్టి తలకాయ తను నమిలినవాడే! వాడి మీదనా?"

ఫూసి చేతనైనంత మేర ఇంగ్లిష్‌లోకి మార్చింది. రోవెనా ఓపిగ్గా విని, మెత్తగా, "చాలా ఇళ్లలో కుటుంబం ఇలాగే వెనకేసుకొస్తుంది ఫూసీ. నీ మీద ఎవరైనా ఒత్తిడి పెడుతున్నారా?" అంది. పక్కనే ఉన్న అమ్మ వైపు ఆమె కళ్లు తిరగడం ఫూసి చూసింది. కోపంతో నవ్వొచ్చింది. ఇంత దయ ఉన్న మనిషిని ఏమని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

చివరికి ఇక్కడి చదువుల కేంద్రం తరఫున మా భాషా వాళ్ల భాషా తెలిసిన పెద్దమనిషి ఒకాయన కూర్చుని విప్పి చెప్పాక గాని వాళ్లకు బుర్రకెక్కలేదు. ఎక్కాక మాత్రం రోవెనా మనిషి కాలేకపోయింది. తెర ముందు కూర్చుని పసిపిల్లలా ఏడ్చింది. కెలెపి పేరు మళ్లీ చేర్చారు. తోటవాళ్లకు ఉత్తరం రాశారు. టోంగా అక్కాతమ్ముళ్లను వేర్వేరు తరగతుల్లో వెయ్యాలని కొత్త నియమం పెట్టారు. ఇంత జరిగేసరికి కెలెపి ఏ ఊళ్లో ఉన్నాడో ఎవరికీ తెలియదు. పనితోపాటు అక్కడ ఉండే అనుమతి కూడా పోయినవాడు దొంగచాటుగా ఏ తోటలోనో, ఏ ఊరవతలో బతుకుతున్నాడు. ఎవరో ఉత్తరాన అరటితోటల్లో చూశామన్నారు. ఇంకెవరో కాదన్నారు.

ఫూసి చదువు మానేస్తానంది. అమ్మ ఒప్పుకోలేదు.

"వాడు లేచింది నువ్వు కూర్చుంటావనే. నువ్వూ లేస్తే వాడు దేనికి పోయినట్టే?"

అందుకని చదివింది. ఏడుస్తూనే చదివింది. సర్టిఫికెట్ వచ్చిన రోజు అమ్మ ఆమె నడుముకు మా పద్ధతిలో గౌరవానికి కట్టుకునే మంచి చాప కట్టింది గాని, ఇంట్లో విందుకు పొయ్యి వెలిగించలేదు.

కొన్నాళ్లకు రెండు దేశాలవాళ్లూ కలిసి అవే పాఠాలు టోంగా భాషలో అందరికీ ఉచితంగా పెట్టారు. పేరు ఇవ్వక్కర్లేదు, ముఖం చూపించక్కర్లేదు, ఎవరైనా వచ్చి వినొచ్చు. ఆ పాఠాలు చెప్పమని ఫూసిని అడిగారు. ముఖం చూపించక్కర్లేదన్న మాట విని ఆమె వెంటనే సరేనంది.

బుధవారం సాయంత్రాలు. దీవుల్లోని ఆడవాళ్లు, తోటల్లోని మగవాళ్లు గడుల్లో కనపడేవారు. రెండో వారం నుంచి ఒక నల్లటి గడి రావడం మొదలుపెట్టింది. ముఖం లేదు. పేరున్న చోట 'అతిథి' అని మాత్రం ఉంది. పాఠం మొదలవకముందే వచ్చేది, చివరిదాకా ఉండేది, ఎన్నడూ మాట్లాడేది కాదు. ఎవరైనా కావచ్చు. ఫూసి ఎవరని అడగలేదు. అడిగితే పోతాడని భయం.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చేది.

"వచ్చాడా?"

"వచ్చాడమ్మా."

"చిక్కిపోయాడా?"

"నల్లగా ఉంటుందమ్మా, ఏం కనపడుతుంది?"

"ఈసారి నేనొచ్చి పిలుస్తా."

"పిలవకు. పారిపోతాడు. ఎవరో ఏంటో, వాడు కాకపోవచ్చు కూడా."

అమ్మ అంతటితో ఊరుకునేది. ఫూసి పాఠాల్లోనే ఇంటి కబుర్లు దూర్చడం నేర్చుకుంది. గాయానికి కట్టు ఎలాగో చెబుతూ, మా అమ్మ మోకాలికి దెబ్బ తగిలితే ఇలాగే కట్టాను, ఇప్పుడు బాగానే నడుస్తోంది, అనేది. జ్వరం గురించి చెబుతూ, మగపిల్లల గుడిసెకు కొత్త కప్పు వేయించాం, గాలి బాగా ఆడుతోంది, పడుకునేవాళ్లే లేరు, అనేది. విన్న ఆడవాళ్లకు అది వింతగా ఉండేది. నల్లటి గడి కదలకుండా వినేది.

చక్కెర జబ్బు పాఠం ఒక్క వారంలో అయ్యేది. ఫూసి దాన్ని సాగదీసి సాగదీసి వారాల తరబడి చెప్పింది. నోముకా దీవి నుంచి ఒకావిడ నవ్వుతూ, "ఫూసీ, మా దీవిలో చక్కెరంతా అయిపోయింది, ఇక కాన్పుల్లోకి రా తల్లీ" అంది. అందరూ నవ్వారు. ఫూసి కూడా నవ్వి, నల్లటి గడి వైపు చూసింది. దీవుల్లో ఆడవాళ్లు ఆ పాఠం కోసమే వస్తున్నారు. ఇంకా ఆపడం వాళ్లకు అన్యాయం.

ఆ బుధవారం ఆమె తెర ముందు కూర్చుని, గడులన్నీ చూసుకుంది. చివర్న నల్లటి గడి ఉంది.

"ఈరోజు కాన్పు పాఠం చెప్పుకుందాం," అంది మెల్లగా.

వెంటనే బొమ్మ పెట్టలేదు. గ్లాసులో నీళ్లు తాగింది. నడుము చాప సర్దుకుంది. పుస్తకం తిరగేసినట్టు నటించింది. మా ఇంట్లో గుమ్మం ఎప్పుడూ తీసే ఉంటుంది, అని ఏ పాఠానికీ సంబంధం లేని మాట ఒకటి అంది. నల్లటి గడి ఇంకాసేపు ఉండి, ఆరిపోయింది.

తోటల్లో ఉన్న మగవాళ్లంతా గడుల్లో అలాగే కూర్చుని ఉన్నారు. వాళ్లెవరికీ ఆమె అక్క కాదు.

ఫూసి కళ్లు తుడుచుకుని మొదటి బొమ్మ పెట్టింది. పాఠం పూర్తిగా, ఏదీ దాచకుండా చెప్పింది.

ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలో ఉంది.

"వచ్చాడా?"

"వచ్చాడు. కాన్పు పాఠం అనగానే లేచి వెళ్లిపోయాడు."

అమ్మ తలుపు పట్టుకుంది. తర్వాత గుమ్మంలో చతికిలబడి, బట్ట అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"లేచి వెళ్లాడా?" అంది మళ్లీ, వినిపించీ వినిపించకుండా. "అయితే నా కొడుకే."