ఒక్కసారే అడిగిన ప్రశ్న

నన్ను మంచి సర్వే ఇన్వెస్టిగేటరని అంటారు. తారామణి నింపిన ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ ఉండదని మా విశ్వనాథం సార్ కొత్తగా చేరిన వాళ్లందరికీ నన్నే చూపిస్తాడు. చూపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆయన మీద కాదు, నా మీద. ఎందుకన్నది ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పుకునే మొహం లేక చెప్పలేదు.

రెండు వేల పదకొండు నవంబర్. సమ్మె అయిపోయి సిటీ బస్సులు మళ్లీ రోడ్డెక్కిన రోజులు. యూరప్‌లో మూడు నాలుగు యూనివర్సిటీలు కలిసి ఒక పెద్ద రీసెర్చ్ చేస్తున్నాయి. బొగ్గు మానేసి, పొగ రాని యంత్రాలు, కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు పెట్టుకుంటూ పోతే అక్కడి పనివాళ్లు ఏమవుతున్నారు, వాళ్ల ఇళ్లూ ఊళ్లూ ఏమవుతున్నాయి అన్నది దాని సంగతి. వాళ్లు ఒళ్లు తుడుచుకునే తువ్వాళ్లు మన దగ్గర తయారవుతాయి కదా, అందుకని ఇక్కడ కూడా ఒకచోట చూద్దామనుకున్నారు. అలా నాచారం పారిశ్రామికవాడలో ఒక తువ్వాళ్ల మిల్లు వాళ్లకు దొరికింది. సరుకు కొనే కంపెనీ ఒత్తిడి మీద ఆ మిల్లు తన బొగ్గు బాయిలర్ తీసేసి గ్యాసు బాయిలర్ పెట్టబోతోంది. అందులోని పనివాళ్లను ఇంటర్వ్యూ చేయడానికి తార్నాకలోని మా సంస్థను పెట్టుకున్నారు. నాకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఎమ్మే సోషియాలజీ, లాలాపేటలో అద్దె గది, మూడు నెలలకోసారి పొడిగించే కాంట్రాక్టు. ఈ పని బాగా చేసిన ఒకరిని పర్మినెంట్ చేస్తారని విన్నాను. ఆ ఒకరూ నేనే కావాలని గట్టిగా అనుకున్నాను.

ట్రైనింగులో విశ్వనాథం సార్ చెప్పిందల్లా ఒకటే. ప్రశ్నను రాసినట్టే చదవాలి, ఒక్కసారే చదవాలి, బలవంతపెట్టకూడదు. రెండోసారి అడిగితే వచ్చే జవాబు వాళ్లది కాదు, మనది. మొదటి రోజు నేనొకామెను రెండుసార్లు అడిగానని నలుగురిలో నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకోసారి ఆ మాట పడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అసలైన ప్రశ్న ఇరవై మూడోది. కొత్త బాయిలర్ నడపడం నేర్పిస్తే నేర్చుకోవడానికి మీరు ఇష్టపడతారా? అవును, కాదు, చెప్పలేను. అవునన్నవాళ్ల పేర్లు ఒక జాబితాలోకి వెళ్తాయి. వాళ్లకు మౌలాలిలో మూడు నెలల శిక్షణ ఇప్పించి, కొత్త బాయిలర్ మీద వాళ్లనే ఉంచుతామని మిల్లు ఒప్పుకుంది. ఈ సంగతి పనివాళ్లకు ముందే చెప్పకూడదు. చెబితే అందరూ అవుననేస్తారని భయం. అంటే ఆ ప్రశ్న మీద వాళ్ల బతుకు ఆధారపడి ఉందని అడిగే నాకు తెలుసు, జవాబు చెప్పేవాళ్లకు తెలియదు.

రామస్వామి మూడో రోజు పదకొండు గంటలకు మిల్లు క్యాంటీన్‌లో నా ఎదుట కూర్చున్నాడు. యాభై రెండేళ్లు. మోత్కూరు దగ్గరి ఊరు. బొగ్గు మోసే కూలీగా చేరి, పాత ఆపరేటర్ వెనకాల నిలబడి చూసి చూసి బాయిలర్ పని పట్టాడు. ఇరవై ఆరేళ్లుగా దాని ముందే ఉన్నాడు. కుడి చేతి మీద మోచేతి దాకా ఒక్క వెంట్రుక లేదు, వేడికి కాలిపోయి మళ్లీ మొలవలేదట. ఆవిరి తగ్గితే మీటర్ చూడకముందే తెలుస్తుందన్నాడు. ఎలాగంటే చప్పుడు మారుతుందన్నాడు. కొత్త బాయిలర్ లారీలో వచ్చిన రోజు తనకు సెలవైనా వచ్చి, చెక్కపెట్టె సందుల్లోంచి తొంగి చూశాడట. ఆ ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగితే ఏమిటి అర్థం, పచ్చ లైటు వెలిగితే ఏమిటి అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు. నేను ఫారం చూసుకుంటున్నాను. పక్కనే అగ్నెష్కా కూర్చుంది. పోలెండ్ నుంచి వచ్చిన రీసెర్చర్, బొగ్గు గనుల ఊళ్లో పుట్టిన పిల్ల. మాట అర్థం కాకపోయినా మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటోంది.

ఇరవై మూడో ప్రశ్న చదివాను. రాసినట్టే చదివాను.

రామస్వామి తల దించుకుని, అరచేతులు ప్యాంటుకు రుద్దుకుని, చిన్నగా నవ్వాడు. "మాకెందుకు మేడం గవన్నీ. సదువుకున్న పోరగాండ్లు ఉన్నరు గద."

అని, లేవలేదు. నవ్వు మొహంతో అలాగే నన్ను చూస్తూ కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాది ఆలేరు. మా ఇళ్లల్లో చాయ్ తాగుతావా అంటే మొదటిసారి ఎవరూ తాగుతాననరు. అడగ్గానే సరేనన్నవాడిని ఆబగాడంటారు. వద్దు వద్దంటూ కూర్చుంటాం. అడిగినవాళ్లు మళ్లీ అడుగుతారు. రెండోసారి కూడా ఎందుకులే అంటాం. మూడోసారికి గ్లాసు చేతిలో ఉంటుంది. పెళ్లి పిలుపైనా, పెద్దరికమైనా, కొత్త చీరైనా అంతే. మళ్లీ అడగకపోతే అసలు అడగనట్టే లెక్క. ఇది నాకు ఎవరో నేర్పింది కాదు, అమ్మ ఒళ్లోంచి తెలుసు. విశ్వనాథం సార్‌కు తెలియకపోవచ్చు, అగ్నెష్కాకు తెలిసే వీలే లేదు. ఆ క్యాంటీన్ మొత్తంలో రామస్వామి ఏమన్నాడో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

"కాదు" గడిలో టిక్కు పెట్టి కాగితం తిప్పాను.

మధ్యాహ్నం ఇంటి వివరాల ఫారం కోసం వాళ్లింటికి వెళ్లాను. మిల్లు వెనక బస్తీలో రెండు గదుల రేకుల ఇల్లు. రామస్వామి డ్యూటీలో ఉన్నాడు, ఆయన భార్య సత్తమ్మ ఒక్కతే ఉంది. నేను ఆలేరు దాన్నని తెలియగానే మేడం పోయి బిడ్డా అయింది. అన్నం తినమంది. తిని వచ్చానన్నాను. అబద్ధం, పొద్దున్నుంచి రెండు బిస్కెట్లు తప్ప ఏమీ లేదు. మళ్లీ అడిగింది. పనుందన్నాను. ఆమె ఇక అడగలేదు, కంచం పెట్టేసింది. "ఇంటికొచ్చినోళ్లు తినకుంట పోతే మాకు మంచిగనిపిస్తదా బిడ్డా" అని పప్పుచారు పోసింది. మూడు ముద్దలు తిన్నాక పొద్దున నేను చేసింది గుర్తొచ్చింది. ఫారం నా సంచీలోనే ఉంది. సంచీ నా మోకాలికి ఆనుకునే ఉంది. నాలుగున్నరకు షిఫ్టు దిగుతాడు, గేటు దగ్గర నిలబడి ఇంకోసారి అడిగితే సరిపోతుంది. కానీ ఇంకా నలుగురి ఇళ్లు మిగిలి ఉన్నాయి. కొట్టివేత కనిపిస్తే విశ్వనాథం సార్ మళ్లీ నిలబెడతాడు. పెరుగన్నం కూడా తిని, చేయి కడుక్కుని వచ్చేశాను. సిగ్గులేని తిండి.

నెల తిరగకుండా జాబితా వచ్చింది. తొమ్మిది మంది, అందరూ ముప్పై ఐదేళ్లలోపు వాళ్లు. ఆ కుర్రాళ్లు సిటీలో చదువుకున్నారు, అడగ్గానే అవునన్నారు. మార్చికల్లా పాత బాయిలర్‌ను ముక్కలు చేసి పాత ఇనుము కింద పంపేశారు. దానితోపాటు రామస్వామి, అతని ఈడువాళ్లు మరో ఐదుగురు బయటికి వచ్చారు. ఆ ఐదుగురి ఫారాల్లో మూడు నేను నింపినవే.

ఆ ఏడు ఆగస్టులో రిపోర్టు విడుదల మీటింగు జరిగింది. తెర మీద ఒక వాక్యం పెద్ద అక్షరాల్లో పడింది. వయసు పైబడిన కార్మికులు కొత్త పని నేర్చుకోవడానికి ఆసక్తి చూపలేదని. దాని కింద ఒక గీతల బొమ్మ, యూరప్‌ది ఒక రంగు, మనది ఒక రంగు. మనవాళ్ల గీత యాభై ఏళ్ల దగ్గర నేలకు తాకింది. అందరూ తలలూపారు. అగ్నెష్కా ఒక్కతే ఊరుకోలేదు. మా ఊళ్లో గని మూసినప్పుడు మా నాన్నకు యాభై నాలుగేళ్లు, ఆయన గాలిమరల పని నేర్చుకున్నాడు, ఇక్కడ అందరూ వద్దనడం నాకు నమ్మబుద్ధి కావడం లేదు అంది. నా వైపు తిరిగి, అడిగింది నువ్వు కదా, నీకేమైనా అనిపించిందా అని ఇంగ్లీషులో అడిగింది. గదంతా నన్ను చూసింది. విశ్వనాథం సార్ కూడా చూశాడు.

వాళ్లు చెప్పిందే రాశానన్నాను. మాట అక్షరాలా నిజమే. అంత పచ్చి అబద్ధం నా జన్మలో ఇంకోటి ఆడలేదు. మరుసటి నెలలోనే నన్ను పర్మినెంట్ చేశారు.

ఇన్నాళ్లూ నిబంధన ప్రకారం చేశానని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ పూర్తి నిజం కాదు. చెప్పేస్తున్నాను. ఆ ఫారంలో "కాదు" పక్కన ఒక చిన్న బాణం గుర్తు ఉండేది. కాదన్నవాళ్లను ఇరవై నాలుగు నుంచి ముప్పై ఒకటి దాకా ప్రశ్నలు అడగక్కర్లేదు, నేరుగా ముప్పై రెండుకు వెళ్లిపోవచ్చు. పేజీన్నర పని తప్పుతుంది. ఆ రోజు రామస్వామి మాకెందుకు అనగానే నా మనసులో మొదట కలిగింది జాలి కాదు, హమ్మయ్య అనిపించింది. ఇరవై ఆరేళ్ల పనితనాన్ని పేజీన్నరకు అమ్మేశాను.

మొదటి ఇంటర్వ్యూలు జరిగిన రెండేళ్లకు రెండో విడత మొదలైంది. అప్పుడు మాట్లాడిన వాళ్లనే మళ్లీ కలిసి ఇప్పుడెలా ఉన్నారో రాయాలి. రామస్వామి పేరు ఇంకెవరికైనా ఇచ్చేయమని అడగొచ్చు. అడగలేదు, నేనే తీసుకున్నాను. ధైర్యం కాదది. ఒక్కసారి చెప్పేసుకుంటే ఈ బరువు దిగుతుందన్న ఆశ.

రామస్వామి ఇంట్లోనే ఉన్నాడు. ఏఎస్ రావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేస్తున్నాడట, పగలు నిద్ర. నన్ను చూడగానే లేచి చొక్కా తొడుక్కున్నాడు. కుడి చేతి మీద వెంట్రుకలు సన్నగా మొలిచాయి. నాకు ఎటు చూడాలో తెలియక వాటినే చూశాను. ఫారం పక్కన పెట్టేసి, కాకా, నీకొక మాట చెప్పాలని మొదలుపెట్టి ఉన్నదంతా చెప్పాను. జాబితా సంగతి చెప్పాను, శిక్షణ సంగతి చెప్పాను. నువ్వు వద్దన్నది వద్దని కాదని నాకు ఆ రోజే తెలుసని చెప్పాను. బాణం గుర్తు సంగతి మాత్రం అక్కడ కూడా నోటికి రాలేదు.

తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నువ్వు మల్లొకసారి అడుగుతవని సూసిన బిడ్డా" అన్నాడు. "నువ్వు కాయితం తిప్పినవ్. ఇగ నేనేమంట."

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో, ఆ తొందరలో, నా బరువు దించుకోవాలన్న ఆత్రంలో నేనొక పని చేశాను. రెండేళ్ల కిందట అడగాల్సింది అప్పుడు అడిగాను. కొత్త బాయిలర్ పని నేర్పిస్తే నేర్చుకుంటావా కాకా?

ఊరికే అడిగాను. క్షమాపణ అడిగినట్టు అడిగాను. చేతిలో శిక్షణ లేదు, జాబితా లేదు, ఏమీ లేదు.

"నేర్సుకుంట" అన్నాడు.

ఈసారి తల దించుకోలేదు. వద్దనలేదు, నవ్వలేదు. మొదటిసారికే అన్నాడు. మరుక్షణం లేచి నిలబడ్డాడు. సత్తమ్మను పిలిచి, మిల్లు గుర్తింపు కార్డు ఎక్కడ పెట్టావని అడిగాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, మంచం కింది ట్రంకు పెట్టె బయటికి లాగింది. కార్డు దొరికింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి నా ముందు పెట్టాడు. సత్తమ్మ నా వైపు చూసి, దండం పెట్టబోయి ఆగింది.

"ఫొటోలు ఎన్ని గావాలె బిడ్డా?" అన్నాడు రామస్వామి.

అలాంటిదేమీ లేదు కాకా, ఊరికే అడిగానని అనాలి. వాళ్లిద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు.

రెండు చాలన్నాను.

మూడో రోజున ఆయన తార్నాకలో మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చి, గేటు దగ్గర కవరు ఇచ్చి వెళ్లాడు. నేను పై అంతస్తు కిటికీలోంచి చూసి కూడా దిగలేదు. కొత్తగా తీయించుకున్న ఫొటోలు. నున్నగా గడ్డం గీసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, కెమెరాకేసి సూటిగా చూస్తున్నాడు. మౌలాలిలోనూ, ఇంకో రెండు చోట్లా కనుక్కున్నాను. యాభై దాటినవాళ్లను తీసుకోవడం కుదరదన్నారు. నా నంబరు ఆయన దగ్గర ఉంది. ఏడు నెలలైంది, ఒక్కసారి కూడా ఫోన్ చేసి ఏమైందని అడగలేదు. నేనే పిలుస్తానని చూస్తున్నాడు. ఫొటోలు రెండూ నా సొరుగులో ఉన్నాయి.